మూడో నిమిషానికే ఆయాసం ఎందుకు?

ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ చీకటి పడేదాకా క్రికెట్టో కబడ్డీయో ఆడి, అమ్మ పదిసార్లు కేకేస్తే తప్ప లోపలికి రాని పిల్లవాడు, హాస్టల్లో చేరిన మర్నాడు తెల్లవారుజామున గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతాడు. డొక్కలో పోటు, గొంతులో తడి ఆరిపోవడం, కళ్ల ముందు చుక్కలు. ముందు వరసలో సీనియర్లు మాట్లాడుకుంటూ వెళ్లిపోతుంటారు. పీఈటీ సార్ విజిల్ ఊది ‘పరిగెత్తు’ అంటారు. పిల్లవాడికి తన ఒంట్లో ఏదో లోపం ఉందనిపిస్తుంది. సార్‌కి వాడు బద్ధకిస్తున్నాడనిపిస్తుంది. ఫోనులో విన్న తల్లికి హాస్టల్ తిండి సరిపోవడం లేదనిపిస్తుంది. ముగ్గురి అంచనాలూ చాలావరకు తప్పే.

హైదరాబాద్ శివార్లలోని గోపన్‌పల్లి చుట్టుపక్కల ఇలాంటి ఉదయాలకు కొదవ లేదు. ఆనుకునే ఉన్న గౌలిదొడ్డిలో సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది. ఐఐటీ, నీట్ శిక్షణకు రాష్ట్రమంతటా పేరున్న ఆ ప్రాంగణంలోకి తొమ్మిదో తరగతికి ప్రవేశ పరీక్ష రాసి జిల్లాల నుంచి పిల్లలు వస్తారు. మిగతా గురుకులాల్లో చాలామంది ఐదో తరగతిలోనే, అంటే పదేళ్ల వయసులోనే ఇల్లు వదులుతారు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల మంది పిల్లల జీవితం. ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లు, కాలేజీలు వీటికి అదనం. పేరేదైనా పొద్దుటి పద్ధతి దాదాపు ఒకటే: ఐదింటికో ఆ చుట్టుపక్కలో గంట, ఆ వెంటనే పీటీ, యోగా లేదా పరుగు.

ఈ పరుగు మంచిదే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుస్తకాల మీదే పగలంతా గడిపే పిల్లలకు ఆ గంట మరెక్కడా దొరకదు. తప్పనిసరి చేయడాన్నీ సమర్థించవచ్చు. గుంపుగా పరిగెత్తడంలోనూ లాభం ఉంది. శరీరం ఒప్పుకోనిది ఒక్కటే: కొత్తవాళ్లూ పాతవాళ్లూ మొదటి రోజు నుంచే ఒకే వేగంతో పరిగెత్తాలనడం. ఎందుకు ఒప్పుకోదో ఒంటి లోపలి పని తెలిస్తే అర్థమవుతుంది.

ఐదింటికి లేచేది మనిషే, ఒళ్లు కాదు

మన శరీర ఉష్ణోగ్రత రోజంతా ఒకేలా ఉండదు. మామూలుగా నిద్ర లేచే వేళకు రెండు మూడు గంటల ముందు అది అన్నిటికన్నా తక్కువకు పడిపోయి, అక్కడి నుంచి మెల్లగా పెరుగుతుంది. వేసవి సెలవుల్లో ఏడింటికి లేచిన పిల్లవాడికి ఆ అడుగు మట్టం నాలుగు, ఐదు గంటల మధ్య వస్తుంది. హాస్టల్ గంట సరిగ్గా అక్కడే మోగుతుంది. కండరం వెచ్చగా ఉన్నప్పుడు చురుగ్గా ముడుచుకుంటుంది, కీళ్లు సాఫీగా కదులుతాయి. చల్లగా ఉన్నప్పుడు అదే వేగానికి ఎక్కువ కష్టం అనిపిస్తుంది. దీనికి తోడు నిద్ర లేవగానే మెదడుకు పట్టిన మబ్బు వదలడానికి మామూలుగా పావుగంట నుంచి అరగంట పడుతుంది. లేచిన పది నిమిషాల్లో లైన్లో నిలబడ్డ పిల్లవాడు ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడని అర్థం.

కౌమారంలో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ 1990ల నుంచి చేసిన పరిశోధనలు, యుక్తవయసు మొదలయ్యాక నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుందని చూపాయి. పదమూడేళ్ల వాడు పదింటికి పడుకుని పదకొండుదాకా దొర్లడానికి మొండితనం కారణం కాదు, హార్మోనే కారణం. ఈ వయసుకు రాత్రికి 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ సూచిస్తుంది. స్టడీ అవర్ ముగించి పదింటికి లైట్లు ఆర్పి, ఐదింటికి గంట కొడితే, పడుకోగానే నిద్ర పట్టినా ఏడు గంటలే.

కొత్త చోటు సంగతి ఇంకోటి. మాసాకో తమాకి, యూకా ససాకి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త ప్రదేశంలో మొదటి రాత్రి మెదడు రెండు భాగాలూ సమానంగా గాఢ నిద్రలోకి వెళ్లవని తేలింది. ఎడమ సగం కొంత మెలకువగా ఉండి, అలవాటు లేని చప్పుళ్లకు చెవి ఒగ్గుతుంది. నలభై మంచాల డార్మిటరీలో ఎవరో దగ్గినా, ఫ్యాను కిర్రుమన్నా మొదటి రాత్రి నిద్ర చెదరడం మనిషి మెదడు సహజ ధర్మం. తొలి పరుగు ఆ రాత్రి మర్నాడే పడుతుంది.

వెలుగు విషయంలో హైదరాబాద్‌కు ఒక ఇబ్బంది ఉంది. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. గోపన్‌పల్లి దానికి నాలుగు డిగ్రీలకు పైగా పడమరన ఉంది. గోడ గడియారం ఐదు చూపినప్పుడు ఇక్కడి సూర్యుడి లెక్కలో ఇంకా పదహారు, పదిహేడు నిమిషాలు తక్కువే. జూన్‌లో 5.40 ప్రాంతంలో తెల్లవారుతుంది కాబట్టి ఫరవాలేదు. జనవరిలో 6.45 దాటితే గానీ పొద్దు పొడవదు. ఒంటి గడియారాన్ని ముందుకు జరిపే బలమైన సంకేతం పొద్దుటి వెలుగే. చీకట్లో పరిగెత్తించి ఆ వెంటనే గదుల్లోకి పంపితే, లేవడం అలవాటవుతుంది గానీ గడియారం జరగదు. అదే పరుగును పొద్దు పొడిచే వేళకు మార్చితే వ్యాయామం, వెలుగు రెండూ ఒకేసారి అందుతాయి. ఈ గడియారం రోజుకు గంటకు మించి జరగదు, చాలామందిలో అంతకన్నా తక్కువే. ఏడు నుంచి ఐదుకు రావాలంటే ఏ పిల్లవాడికైనా కొన్ని రోజులు పట్టడం ఖాయం.

ఊపిరి అందేలోపు చేసే అప్పు

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. సాయంత్రమంతా ఆడిన కాళ్లు పొద్దున్నే మూడు నిమిషాలకు ఎందుకు చేతులెత్తేశాయి?

పిల్లలు ఎలా ఆడతారో 1995లో అమెరికా పరిశోధకులు కొన్ని సెకన్లకోసారి గమనిస్తూ లెక్కగట్టారు. 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో గట్టిగా శ్రమించే దఫాల్లో సగం మూడు సెకన్లకు మించవు. నూటికి తొంభై అయిదు దఫాలు పదిహేను సెకన్లలోపే ముగుస్తాయి. పరుగు, ఆగడం, నవ్వడం, మళ్లీ పరుగు. ఇదే పిల్లల సహజ లయ. కబడ్డీలో కూతకు ఇచ్చే గడువే 30 సెకన్లు. క్రికెట్లో ఒక పరుగు తీసి ఆగుతారు. అంటే గంటన్నర ఆడిన పిల్లవాడు ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా ఆగకుండా మూడు నిమిషాలు పరిగెత్తి ఉండడు. పొద్దుటి రౌండ్లు వాడు ఎన్నడూ చేయని పని. రెంటినీ ‘పరుగు’ అనే పిలుస్తాం కాబట్టి తేడా కనబడదు.

కండరానికి ఈ తేడా చాలా పెద్దది. అందులో సిద్ధంగా ఉన్న శక్తి రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఆ తర్వాత క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే నిల్వ పదార్థం మరో పది సెకన్ల పాటు ఆదుకుంటుంది. దాని తర్వాత చక్కెరను ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టి కొంతసేపు బండి నడుస్తుంది. ఎంతసేపైనా నిలిచేది చివరి దారి ఒక్కటే, ఆక్సిజన్‌తో చక్కెరనూ కొవ్వునూ మండించడం. అది పూర్తిగా అందుకోవడానికి పెద్దల్లో రెండు మూడు నిమిషాలు, పిల్లల్లో కొంచెం తక్కువ పడుతుంది. ఊళ్లో చేతి బోరింగు కొట్టినవాళ్లకు ఇది తెలిసిందే: మొదటి నాలుగైదు కొట్టులకు గాలే వస్తుంది, నీళ్లు పైపులో పైకి రావడానికి వ్యవధి కావాలి, తొందరపడి బాదితే చేయి నొప్పే మిగులుతుంది. గుండె వేగం పెరగాలి, కడుపుకీ పేగులకీ వెళ్తున్న నెత్తురు కాళ్ల వైపు మళ్లాలి, కండరంలోని సన్నని నాళాలు విచ్చుకోవాలి. విశ్రాంతిలో ఉన్న పెద్ద మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు పంపితే, గట్టి పరుగులో అది 20 లీటర్ల దాకా పోతుంది. విశ్రాంతిలో కండరాలకు అందేది ఆ నెత్తురులో అయిదో వంతు. పరుగులో అది 80 శాతానికి చేరుతుంది. ఈ మళ్లింపు జరిగేలోపు చేసిన పనంతా అప్పు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ దీనికి ఆక్సిజన్ అప్పు అనే పేరే పెట్టారు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఆయన, కండరంలో లాక్టిక్ ఆమ్లం లెక్క తేల్చిన ఒట్టో మేయర్‌హోఫ్ పంచుకున్నారు.

నెమ్మదిగా మొదలుపెడితే ఈ అప్పు చిన్నది. వేగంగా మొదలుపెడితే పెద్దది, పైగా అది మొదటి నిమిషంలో తెలియదు. గుంపు పరుగులో ముందు నడిపేది రెండేళ్లుగా అలవాటైన సీనియర్లు. విజిల్ మోగగానే కొత్తవాడు వాళ్లతో పాటే దూకుతాడు, మొదటి రౌండు తేలికగానే ఉంటుంది. రెండో రౌండులో ఆమ్లం పేరుకుని, దాన్ని సరిచేసే క్రమంలో ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఊపిరితిత్తులు ఎగబడతాయి. రొప్పు అంటే అదే. గాలిలో ఆక్సిజన్ తక్కువై వచ్చిన ఆయాసం కాదది. అందుకే ఆగి గట్టిగా గాలి పీల్చినా వెంటనే తగ్గదు. పొట్టి కాళ్లతో ఎక్కువ అంగలు వేయాల్సిన చిన్నపిల్లలకు, అదే వేగానికి, ఒంటి బరువులో కిలోకు పెద్దలకన్నా ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుంది. పక్కనే పరిగెత్తే సార్‌కి ‘మెల్లగా’ అనిపించే వేగం పదేళ్లవాడికి మెల్లన కాదు.

ఈ హద్దును కొలవడానికి యంత్రం అక్కర్లేదు. పరిగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యం చెప్పగలిగితే ఆక్సిజన్ సరిపోతోందని గుర్తు. రెండేసి మాటలకే ఊపిరి అందకపోతే హద్దు దాటినట్టు. లైన్లో మాట్లాడితే తిట్టే అలవాటు చాలా గ్రౌండ్లలో ఉంది. కొత్తవాళ్ల విషయంలో మాట్లాడనివ్వడమే మేలు, అది ఉచితంగా దొరికే కొలబద్ద.

[బాక్స్] డొక్కలో పోటు
పక్కటెముకల కింద, ఎక్కువగా కుడి వైపు సూదితో పొడిచినట్టు వచ్చే ఈ నొప్పి పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువ. ఆస్ట్రేలియాలో డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్ దీనిపై ఏళ్ల తరబడి పనిచేశారు. కడుపు గోడ లోపలి పొర రాపిడికి గురవడం వల్ల వస్తుందన్నది ఇప్పుడు బలంగా ఉన్న వివరణ. నిండుగా తిని గానీ, తీపి పానీయాలు ఎక్కువగా తాగి గానీ పరిగెత్తితే పెరుగుతుంది. పరుగుకు ముందు గ్లాసు నిండా తియ్యటి పాలు వద్దు. కొన్ని గుక్కల నీళ్లు తాగి వెళ్లి, తిరిగి వచ్చాక జావ, పాలు తీసుకోవడం మంచిది. పోటు వస్తే వేగం తగ్గించి, ముందుకు వంగి, నొప్పి ఉన్నచోట అరచేత్తో నొక్కి మెల్లగా ఊపిరి వదిలితే చాలామందికి తగ్గుతుంది. ప్రమాదకరం కాదు.

పిక్కలు పట్టేసిన రెండో రోజు

తొలి పరుగు అసలు బాధ మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. మెట్లు దిగలేరు, బాత్రూం దగ్గర కూర్చోలేరు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని, మళ్లీ పరిగెత్తితేనే అది కరిగి పోతుందని హాస్టళ్లలో గట్టి నమ్మకం. ఆ ఆమ్లం పరుగు ఆగిన గంట, గంటన్నరలోనే నెత్తురులో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే, ఆలస్యంగా వచ్చే ఈ నొప్పి కండర పోగుల్లో సన్నటి చీలికల వల్ల అని రాశారు. ఇప్పటికీ వివరణ ప్రధానంగా అదే: అలవాటు లేని పని వల్ల పోగులకు సూక్ష్మంగా దెబ్బ, దాని చుట్టూ వాపు. 24 గంటల నుంచి 72 గంటల మధ్య అది పతాక స్థాయికి వెళుతుంది.

కండరం పొడవు సాగుతూ బరువు మోసినప్పుడు ఈ దెబ్బ ఎక్కువ. వాలు దిగేటప్పుడు తొడ ముందు భాగం చేసే పని అదే. గోపన్‌పల్లి, నల్లగండ్ల వైపు ఉన్నది గ్రానైటు గుట్టల మీది ఎగుడుదిగుడు నేల. క్యాంపస్ రోడ్డు మీద పరిగెత్తితే ఎక్కేచోట ఆయాసం, దిగేచోట మర్నాటి నొప్పి. మొదటి వారం చదునైన మట్టి గ్రౌండు చాలు.

ఇందులో మంచి కబురూ ఉంది. ఒకసారి ఈ నొప్పి పడిన కండరం కొన్ని వారాల పాటు అదే పనికి మళ్లీ అంతగా నొప్పి పడదు. ఆ రక్షణకు మొదటి మోతాదు చిన్నదైనా సరిపోతుంది. కొత్త పిల్లవాడికి మొదటి రోజు పది నిమిషాల నడక, మధ్యమధ్య అర నిమిషం జాగింగ్ ఇస్తే రక్షణ వస్తుంది, మంచం పట్టేంత నొప్పి రాదు. పిక్కలు పట్టేసినవాడిని రెండో రోజు నడిపించాలి. వెనకబడ్డాడని అదనంగా రెండు రౌండ్లు శిక్ష వేయడం దెబ్బ మీద దెబ్బ కొట్టడమే.

గుండెకు వారాలు, ఎముకకు నెలలు

‘పదిహేను రోజుల్లో అలవాటైపోతుంది’ అని సీనియర్లు చెప్పేది సగం నిజం. శ్రమ మొదలైన కొద్ది రోజుల్లోనే నెత్తురులో నీటి భాగం పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు పంపగలుగుతుంది. రెండో వారంలో ఊపిరి తేలికైనట్టు అనిపించడానికి ఇది పెద్ద కారణం. కండర కణాల్లో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు పెరగడానికి వారాలు పడుతుంది. జాన్ హాలోజీ 1967లో ఎలుకలను సుమారు పన్నెండు వారాలు పరిగెత్తించి, వాటి కండరాల్లో ఆ సామర్థ్యం దాదాపు రెట్టింపు అయిందని చూపారు. వ్యాయామ శాస్త్రంలో అది మైలురాయి.

ఎముక మాత్రం వేరే క్యాలెండర్‌లో నడుస్తుంది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు తన పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాత కొత్తది కడుతుంది. కరిగించడానికి సుమారు మూడు వారాలు, కట్టడానికి సుమారు మూడు నెలలు. అంటే పరుగు మొదలైన మూడో వారం తర్వాత, ఊపిరి బాగా ఆడుతూ ‘ఇక వేగం పెంచుదాం’ అనిపించే రోజుల్లోనే, కాలి ఎముక కొంత బలహీనంగా ఉంటుంది. ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లో, కవాతు చేసే సైనికుల పాదాల్లో దెబ్బ తగలకుండానే వచ్చే నొప్పినీ వాపునూ నమోదు చేశారు. ఎక్స్‌రేలు వచ్చాక అవి సన్నటి పగుళ్లని తేలింది. ఎదిగే పిల్లల్లో మోకాలి చిప్ప కింద, కండరం ఎముకకు అంటుకునే చోట వచ్చే నొప్పిని 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా వివరించారు. ఎత్తు గబగబా పెరిగే ఏడాదిలో ఆడే పిల్లలకు అది మామూలే. ఆ పెరుగుదల ఆడపిల్లల్లో సుమారు పన్నెండో ఏట, మగపిల్లల్లో పద్నాలుగో ఏట తారస్థాయిలో ఉంటుంది, మనిషికీ మనిషికీ ఏళ్ల తేడా ఉంటుంది. ఎనిమిదో తరగతి లైన్లో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి వయసు రికార్డులో ఒకటే. ఒకడికి నూనూగు మీసాలు వచ్చి ఉంటాయి, ఇంకొకడి ఒళ్లు ఇంకా పదేళ్లవాడిదే. ఇద్దరికీ ఒకే వేగం అంటే ఒకడికి వ్యాయామం, రెండోవాడికి గాయం.

సైన్యంలో అందరూ కలిసే పరిగెత్తరా?

పీఈటీలు, ప్రిన్సిపాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న ఇది, న్యాయమైనదే. సైన్యాలే దీనికి జవాబు వెతికాయి. ఇజ్రాయెల్ సైన్యం కొత్త సైనికుల్లో ఎముక పగుళ్లు తగ్గించడానికి పాతికేళ్లు రకరకాల ప్రయత్నాలు చేసింది. 2008లో ప్రచురితమైన సమీక్ష ప్రకారం పనిచేసినవి రెండు: రోజుకు కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేయడం, మొత్తం కవాతు దూరం తగ్గించడం. పగుళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి. అమెరికా సైన్యం కొత్తవాళ్లను పరుగు సామర్థ్యాన్ని బట్టి గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో వేగం పెట్టింది. దూరం తగ్గించి ఇలా శిక్షణ ఇచ్చినప్పుడు గాయాలు తగ్గాయి, చివరి పరీక్షలో పరుగు సమయం మాత్రం దెబ్బతినలేదు. పద్దెనిమిదేళ్లు నిండి, వైద్య పరీక్ష దాటి వచ్చిన వాళ్లకే ఇంత జాగ్రత్త అవసరమైతే పదేళ్ల పిల్లల సంగతి చెప్పాలా?

గురుకుల పిల్లలు ఎవరెస్టే ఎక్కారు కదా అన్నది మరో వాదన. నిజమే, గర్వించదగిన నిజం. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే శిఖరం చేరింది, ఆనంద్ కుమార్ తోడుగా. కానీ ఆ విజయం చెప్పేది ఈ వ్యాసం చెప్పేదే. భువనగిరి గుట్ట మీద బండలు ఎక్కడం, ఆ తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, ఆపై చలికాలపు లదాఖ్, చివరికి ఎవరెస్ట్. నెలల తరబడి ఒక్కో మెట్టు. పర్వతం మీద ఒక్కో ఎత్తులో ఆగి ఒళ్లు అలవాటు పడ్డాకే పైకి వెళ్లడం ప్రాణాలు కాపాడే నియమం. పూర్ణకు ఇచ్చిన ఆ మెట్లనే ప్రతి కొత్త విద్యార్థికీ ఇవ్వాలి.

క్రమశిక్షణ పోతుందన్నది మూడో అభ్యంతరం. నడవనిస్తే అందరూ నడుస్తారని భయం. ఇక్కడ స్కాట్లాండ్ అనుభవం పనికొస్తుంది. స్టర్లింగ్‌లోని సెయింట్ నినియన్స్ ప్రాథమిక పాఠశాలలో 2012లో ప్రధానోపాధ్యాయురాలు ఎలేన్ వైలీ పిల్లలందరూ రోజూ 15 నిమిషాలు బయట పరిగెత్తాలనే ఏర్పాటు తెచ్చారు. అందరికీ తప్పనిసరి, వేగం మాత్రం ఎవరిది వారిది. నడవొచ్చు, జాగింగ్ చేయొచ్చు. దాన్ని పాటించిన పాఠశాలను పాటించని పాఠశాలతో పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల దారుఢ్యం, రోజువారీ చురుకుదనం పెరిగాయని, ఒంటి కొవ్వు తగ్గిందని తేలింది. తప్పనిసరి అన్న మాట, ఒకే వేగం అన్న మాట రెండూ ఒకటి కావనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

మనసు సంగతి కూడా ఒంటి సంగతే. ఆయాసపు హద్దుకు దిగువన చేసే శ్రమ చాలామందికి హాయిగా ఉంటుందని, హద్దు దాటగానే దాదాపు అందరికీ బాధగా మారుతుందని పాంటెలీమన్ ఎక్కెకాకిస్ పరిశోధనలు తేల్చాయి. ఆయన సహచరులతో కలిసి 2018లో, 18 నుంచి 40 ఏళ్ల వయసున్న వెయ్యిమందికి పైగా పెద్దలను బడిరోజుల వ్యాయామ పీరియడ్ గురించి అడిగారు. ఆ జ్ఞాపకాలు చేదుగా ఉన్నవాళ్లు పెద్దయ్యాక కూడా వ్యాయామానికి దూరంగా, ఎక్కువసేపు కూర్చుని గడుపుతున్నట్టు కనిపించింది. అవమానం ఆ జ్ఞాపకాల్లో ముఖ్యమైనది. అందరూ చూస్తుండగా చివరివాడిగా మిగిలి, విజిల్ తరుముతుంటే వాంతి చేసుకున్న పిల్లవాడు పరుగును జీవితాంతం శిక్షగానే గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది.

అదే గుంపు మందు కూడా కాగలదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మా కోహెన్, రాబిన్ డన్‌బార్ బృందం పడవ పందెగాళ్లను ఒంటరిగా ఒకరోజు, జట్టుగా లయ కలిపి మరోరోజు సాధన చేయించింది. శ్రమ ఒకటే అయినా, కలిసి చేసిన రోజున నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది. శరీరంలో సహజంగా ఊరే ఎండార్ఫిన్లు దీనికి కారణమని వాళ్ల అంచనా. ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడికి అడుగులో అడుగు కలిపే నలుగురు దొరకడం చిన్న విషయం కాదు. అడుగు కలవాలంటే ఆ నలుగురి వేగం కలవాలి. నూట యాభైమందిని ఒకే తాడుకు కట్టినట్టు లాగితే కలిసేది అడుగు కాదు.

‘పొద్దుటి గాలి స్వచ్ఛం’ అన్న మాటను కూడా ఈ ప్రాంతంలో పరీక్షించి చూడాలి. చలికాలపు రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని తాకిన గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా తిరిగిన లారీల పొగ, నిర్మాణాల దుమ్ము ఆ మూత కిందే చిక్కుకుని, ఎండ పడి నేల వేడెక్కితే గానీ చెదరవు. పరుగులో ఊపిరితిత్తులు విశ్రాంతిలో కన్నా ఎన్నో రెట్ల గాలి లాగుతాయి, అదీ ముక్కు వడపోత లేకుండా నోటితో. గోపన్‌పల్లిని ఆనుకుని ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలోనే కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యత కేంద్రం ఉంది, దాని అంకెలు ఎవరైనా ఫోనులో చూడొచ్చు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో వార్డెన్ ఆ అంకె చూశాకే గంట కొట్టించడం మంచిది.

[బాక్స్] వెనకబడ్డవాడిని ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం, మగపిల్లల్లో 31.1 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తక్కువైతే ఎంత పట్టుదల ఉన్నా ఆయాసం త్వరగా వస్తుంది. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకే. దాన్ని అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. పరుగు ఆపిన కాసేపటికి దగ్గు, పిల్లికూతలు వస్తే శ్రమ వల్ల వచ్చే ఉబ్బసమేమో చూడాలి. పరిగెత్తుతుండగా ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి, అప్పటిదాకా పరుగు వద్దు. ఎముక మీద ఒక్కచోటే వేలితో నొక్కితే నొప్పి పుడుతూ, రోజురోజుకీ పెరుగుతుంటే అది మామూలు ఒళ్లు నొప్పి కాదు.

మొదటి మూడు వారాలు

కొత్త బ్యాచ్ జూన్‌లో దిగుతుంది. మొదటి రెండు మూడు రోజులు పరుగు లేకుండా, వెలుతురు వచ్చాక క్యాంపస్ చుట్టూ ఒక నడక చాలు. ఆ తర్వాత ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, పదిహేను ఇరవై నిమిషాలు. గచ్చిబౌలి స్టేడియం చుట్టుపక్కల మారథాన్‌కు సిద్ధమయ్యే ఐటీ ఉద్యోగులు మొదలుపెట్టేది కూడా ఇలాగే. మూడో వారం తర్వాత ఊపిరి బాగుందని దూరాన్ని ఒక్కసారిగా పెంచకూడదు, ఎముక కోసం మరో రెండు నెలలు ఓపిక పట్టాలి. పాతవాళ్లలో ఒకరిద్దరిని ప్రతి కొత్త గుంపుకూ తోడుగా పెడితే, వేగం పెంచడానికి కాదు, మాట్లాడుతూ పరిగెత్తించడానికి, పీఈటీ ఒక్కరే అందరినీ చూడాల్సిన భారం తగ్గుతుంది. దీనికి డబ్బు ఖర్చు కాదు, టైంటేబుల్ కూడా పెద్దగా మారదు.

తల్లిదండ్రులకు ఒక మాట. చేర్చేటప్పుడు ఉబ్బసం, మూర్ఛ, గుండె సమస్య, పాత ఫ్రాక్చర్ ఏదున్నా దరఖాస్తులో రాయండి, సీటు పోతుందేమోనని దాచకండి. పాదానికి సరిపోయే బూట్లు కొనివ్వండి. పీఈటీలకు, ప్రిన్సిపాళ్లకు ఒకే విన్నపం: పరుగు ఉంచండి, తప్పనిసరిగానే ఉంచండి, గంటను పొద్దు పొడిచే వేళకు జరపండి, కొత్తవాళ్ల వేగాన్ని వాళ్ల ఊపిరికే వదిలేయండి.